తమావో-ఫ్లెమింగ్ ఆక్సిడేషన్: ఎనిమిదేళ్ళ వాడకం తర్వాత నా రివ్యూ

కార్బన్‌కి అతుక్కున్న సిలికాన్ ఊడగొట్టి ఆ చోట ఓహెచ్ (ఆల్కహాల్ గ్రూప్) పెట్టే ఈ రియాక్షన్‌ని పీహెచ్‌డీ రెండో ఏడాది నుంచి వాడుతున్నా, మిల్లీగ్రాముల్లో చేశా, ముప్ఫై గ్రాముల్లో కూడా చేశా. నాకు చాలా ఇష్టం. ఎందుకంటే సిలైల్ గ్రూప్‌ని (సిలికాన్ ఉన్న గ్రూప్) సింథసిస్ రూట్ మొదట్లోనే పెట్టేసుకుంటే అది ఓహెచ్‌లాగా అడుగడుగునా అడ్డం రాదు, ఓహెచ్‌ని తాత్కాలికంగా కప్పిపెట్టే ప్రొటెక్షన్ గొడవ లేదు, గ్రిన్యార్డ్ వేసినా ఎల్‌డీఏ లాంటి బలమైన బేస్ వేసినా కదలకుండా ఉంటుంది, మనకి కావాల్సిన రోజు ఆల్కహాల్‌గా మార్చుకోవచ్చు. పైగా స్టీరియో సెంటర్ చెక్కుచెదరదు, రిటెన్షనే, అంటే త్రీడీ అమరిక మారదు.

మొదటిసారి మాత్రం నాకు అస్సలు కదల్లేదు. డైమిథైల్‌ఫినైల్‌సిలైల్ ఉన్న కాంపౌండ్ తీసుకుని నేరుగా 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్, పొటాషియం ఫ్లోరైడ్, పొటాషియం బైకార్బొనేట్, టీహెచ్ఎఫ్-మిథనాల్ సాల్వెంట్‌లో వేసి రెండు రోజులు తిప్పా, వేడి కూడా చేశా, టీఎల్‌సీ ప్లేట్ (రియాక్షన్ ఎంతవరకు అయిందో చూపేది) చూస్తే స్టార్టింగ్ మెటీరియల్ స్పాట్ అలాగే ఉంది. ల్యాబ్‌లో సీనియర్ అక్క ప్లేట్ చూసి "సిలికాన్ మీద ఫ్లోరినో ఆక్సిజనో లేకుండా పెరాక్సైడ్ ఎక్కడికి పోయి అతుక్కుంటుందిరా" అంది. అసలు విషయం అదే. పెరాక్సైడ్ వచ్చి చేరడానికి సిలికాన్ ఒప్పుకోవాలి, ఫ్లోరినో ఆల్కాక్సీనో (ఆక్సిజన్ గ్రూప్) ఉంటేనే ఒప్పుకుంటుంది, చేరాక కార్బన్ సిలికాన్ మీంచి పక్కనున్న ఆక్సిజన్ మీదికి జరుగుతుంది, హైడ్రోబొరేషన్ చేశాక బోరాన్ మీద జరిగే పనిలాంటిదే.

1983లో క్యోటోలో కోహేయి తమావో, కుమడా వాళ్ళు చేసింది అలాంటి గ్రూప్ ముందే ఉన్న సైలేన్ల (సిలికాన్ కాంపౌండ్ల) మీద. 1984లో కేంబ్రిడ్జ్‌లో ఇయాన్ ఫ్లెమింగ్ వాళ్ళది డైమిథైల్‌ఫినైల్, అక్కడ ముందు టెట్రాఫ్లోరోబోరిక్ యాసిడ్‌తో ఫినైల్‌ని బెంజీన్‌గా పంపించేసి సిలికాన్-ఫ్లోరిన్ బాండ్ చేసుకుని ఆ తర్వాతే ఎం-సీపీబీఏ అనే పెరాసిడ్. మనం రెంటినీ ఒకే పేరుతో పిలిచేస్తాం కాబట్టి కొత్తవాళ్ళు నాలాగే పొరబడతారు.

నా అనుభవంలో తమావో వైపే ఎక్కువ నమ్మకం. అల్లైల్ ఆల్కహాల్‌కి సైలేన్ తగిలించి ప్లాటినంతో లోపలే హైడ్రోసిలైలేషన్ చేసి (అదే మాలిక్యూల్‌లోని డబుల్ బాండ్‌కి సిలికాన్, హైడ్రోజన్ చేర్చి) ఆక్సిడైజ్ చేస్తే 1,3-డయాల్ (రెండు ఓహెచ్‌లున్నది) వస్తుంది, ఎన్నిసార్లు చేసినా విసుగు రాలేదు. ఫ్లెమింగ్ రూట్‌లో యాసిడ్ స్టెప్ దగ్గరే భయం, ఒకసారి సిలికాన్‌కి బీటా పొజిషన్‌లో (రెండో కార్బన్ మీద) ఓహెచ్ ఉంచుకునే యాసిడ్ వేసేశా, పీటర్సన్ ఎలిమినేషన్ (సిలికాన్, ఓహెచ్ రెండూ ఊడిపోవడం) అయ్యి మొత్తం ఆల్కీన్, మూడు వారాల మెటీరియల్ పోయింది. ఒకే పాట్‌లో అయ్యే మెర్క్యురిక్ అసిటేట్ పద్ధతి కూడా ఉంది, పని చేస్తుంది గానీ ఆ మెర్క్యురీ వేస్ట్ తలుచుకుంటే నేను ఎవరికీ వాడమని చెప్పను. మాలిక్యూల్‌లో డబుల్ బాండ్ ఉండి ఎం-సీపీబీఏతో ఎపాక్సైడ్ అవుతుందనుకుంటే మొదటి నుంచే బెంజైల్‌డైమిథైల్‌సిలైల్ పెట్టుకోండి, టీబాఫ్ అనే ఫ్లోరైడ్ రియేజెంట్‌తో బెంజైల్ ఊడిపోతుంది, తర్వాత మామూలు పెరాక్సైడ్ చాలు. ఏ సిలైల్ పెట్టాలనేది చివర్లో ఆలోచిస్తే లాభం లేదు, రూట్ గీసే రోజే తేలాలి.

వర్కప్ (రియాక్షన్ అయ్యాక చేసే శుభ్రం) గురించి సీరియస్‌గా చెప్తున్నా. ఐస్ బాత్‌లో పెట్టి మిగిలిన పెరాక్సైడ్‌ని చంపే థయోసల్ఫేట్ మెల్లగా, చుక్కచుక్కగా వెయ్యండి, బాగా వేడెక్కుతుంది. స్టార్చ్-అయోడైడ్ పేపర్ నీలం అవడం ఆగేదాకా రోటా (సాల్వెంట్‌ని ఆవిరి చేసే మెషిన్) మీద పెట్టొద్దు. పెరాక్సైడ్ ఉన్న ఆర్‌బీ ఫ్లాస్క్‌ని ఎసిటోన్‌తో కడగొద్దు, ఎసిటోన్ పెరాక్సైడ్ పేలుతుంది, పక్కన జూనియర్లు ఉంటే వాళ్ళకీ ముందే చెప్పండి.

ఇంకొకటి, కాలమ్‌లో ప్యూరిఫై చేశాక కూడా ఎన్ఎంఆర్‌లో సున్నా పీపీఎం దగ్గర పీకులు కనిపిస్తే గ్రీజ్ అనుకుని వదిలేయకండి, చాలాసార్లు అవి సిలోక్సేన్‌లు, అంటే సిలికాన్-ఆక్సిజన్ బైప్రొడక్ట్‌లు. నేను కాలమ్‌ని హెక్సేన్‌తో ముందు బాగా కడిగేసి, ఆ తర్వాతే పోలారిటీ పెంచుతా, ఆల్కహాల్ వెనకాల శుభ్రంగా దిగుతుంది.