16 ఏళ్లకే ఎల్ఎల్ఆర్ అంటూ స్కూటీ అంటగడుతున్నారు, జాగ్రత్త

"16 నిండితే చాలు సార్, ఎల్ఎల్ఆర్ మేమే చేయిస్తాం, బండి తీసుకెళ్లండి." ఈ మాటలో సగం నిజం ఉంది కాబట్టే తల్లిదండ్రులు పడిపోతున్నారు. 16 ఏళ్లకు ఎల్ఎల్ఆర్, అంటే లెర్నర్ లైసెన్స్, వస్తుంది. కానీ 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం అది గేర్ లేని, 50 సీసీ దాటని బండికే.

షోరూమ్‌లో వరసగా పెట్టిన స్కూటీల్లో 50 సీసీది ఏది? దాదాపు అన్నీ 110, 125. చిన్న బండే కదా అనుకునే టీవీఎస్ ఎక్సెల్ 100 కూడా 99.7 సీసీ. "గేర్ లేదు కదా" అని సేల్స్‌మన్ దాటేస్తాడు, గేర్ లేకపోవడం ఒక్కటే సరిపోదు. సెకండ్ హ్యాండ్ బండైతే ఆర్సీలో క్యూబిక్ కెపాసిటీ ఎంతుందో చూశాకే అడ్వాన్స్ ఇవ్వండి.

పిల్లాడి దగ్గర ఎల్ఎల్ఆర్ ఉన్నా, 110 సీసీ మీద పట్టుబడితే అది అక్కరకు రాదు. 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ కింద తల్లిదండ్రులకో బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

ఇక ఏజెంట్ల ప్యాకేజీ. ఎల్ఎల్ఆర్‌కు కేంద్రం పెట్టిన ఫీజు ఒక్కో రకం బండికి 150, పరీక్షకు 50, ఆపైన రాష్ట్రం వేసుకునే సర్వీస్ చార్జీ. వేలల్లో అడిగారంటే మిగతాదంతా వాళ్ల జేబుకే. డబ్బు పోతే పోయింది, "పుట్టిన తేదీ సర్దేస్తాం" అన్నవాడి దగ్గర మాత్రం ఒక్క క్షణం నిలబడకండి. 18 నిండనివాళ్లకు తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం కావాలి కదా, ఆ సంతకం ఖాళీ కాగితం మీద పెట్టకండి. ఆధార్ ఓటీపీ ఫోన్‌లో చెప్పకండి. ఆన్‌లైన్లో కట్టేటప్పుడు సైట్ పేరు చివర "గవ్ డాట్ ఇన్" ఉందో లేదో చూసుకోండి.

లైసెన్సే అక్కర్లేదంటూ అమ్మే ఎలక్ట్రిక్ బండ్లది ఇంకో మెలిక. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు, బ్యాటరీ కాకుండా బరువు 60 కేజీలు మించకూడదు. అప్పుడే మినహాయింపు. "స్పీడ్ లాక్ తీసేస్తే 45 వెళ్తుంది" అని కొట్టువాడు వైరు పీకి చూపిస్తే, ఆ క్షణం నుంచి అది రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ లేని మోటారు బండి. బండ్లను పరీక్షించే ఏఆర్ఏఐ లేదా ఐక్యాట్ సంస్థ ఇచ్చిన ధ్రువపత్రం నకలు అడగండి, బిల్లు మీద మోటారు వాట్లు, గరిష్ఠ వేగం రాయించుకోండి. రాయనంటే బండి అక్కడే వదిలేసి రండి.