యాప్ స్టోర్: కాపలాకా, కమీషన్‌కా?

అనంతపురం జిల్లా రైతుల ఫోన్లకు పీఎం కిసాన్ పేరుతోనో, వాహన చలానా పేరుతోనో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు (స్టోర్‌తో పనిలేకుండా యాప్‌ను ఫోన్‌లోకి ఎక్కించే ఫైళ్లు) వస్తున్న కాలమిది. అటువంటి ఫైలును ఎక్కించుకుని, ఎస్సెమ్మెస్‌లు చదివే అనుమతి ఇచ్చామంటే బ్యాంకు పంపే ఓటీపీ నేరుగా మోసగాడికి చేరుతుంది. కాబట్టి ఎవరో పంపిన లింకుకూ, ప్లే స్టోర్‌కూ మధ్య ఎంచుకోవలసి వస్తే స్టోరే మేలని నిస్సందేహంగా చెబుతాను.

అయితే యాప్‌లను తనిఖీ చేసి చేర్చుకునే స్టోర్ కాపలా కూడా పరిపూర్ణమైనది కాదు. 2022 సెప్టెంబరు నుంచి 2023 ఆగస్టు వరకు గూగుల్ 2,200కు పైగా రుణ యాప్‌లను తొలగించింది. అవన్నీ అంతకుముందు ఆ స్టోర్‌లో చోటు సంపాదించుకున్నవే.

అసలు ప్రశ్న కమీషన్ గురించి: యాప్ లోపలి అమ్మకాలపై స్టోర్ తీసుకునే వాటా నిజంగా ఈ కాపలాకు ధరేనా? భోజనం తెచ్చిపెట్టే యాప్, బస్సు టికెట్టు అమ్మే యాప్ అదే తనిఖీ పొందుతాయి గానీ అమ్మకాలపై స్టోర్‌కు పైసా చెల్లించవు. అనంతపురంలో గ్రూప్స్ పాఠాలను యాప్ లోపల అమ్ముకునే అధ్యాపకుడు మాత్రం, గూగుల్ 2021లో తెచ్చిన 15 శాతం రేటు ప్రకారం, వెయ్యి రూపాయల కోర్సుకు 150 రూపాయలు వదులుకోవాలి. ఏడాది ఆదాయం పది లక్షల డాలర్లు దాటితే ఆపై సొమ్ముకు అది 30 శాతం. ఈ రుసుము భద్రతకు చెల్లించే ధరే అయితే అందరిపైనా పడాలి కదా! డిజిటల్ సరుకుపైనే పడుతున్నదంటే అది బలాన్ని బట్టి వసూలు చేస్తున్నదేనని నా అభిప్రాయం. యాప్ లోపలి చెల్లింపుల (బిల్లింగ్) విషయంలో గూగుల్ ఆధిపత్యాన్ని దుర్వినియోగం చేసిందని, మార్కెట్లో పోటీని పర్యవేక్షించే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో రూ.936.44 కోట్ల జరిమానా వేసింది. 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ దాన్ని సుమారు రూ.216 కోట్లకు తగ్గించినా తప్పు జరగలేదని అనలేదు.

తనిఖీని వసూలు నుంచి విడదీయవచ్చు. బయటినుంచి ఎక్కించిన యాప్‌లను కూడా గూగుల్ భద్రతా సేవ ప్లే ప్రొటెక్ట్ పరిశీలిస్తుంది. ఐరోపా సమాఖ్యలో 2024 మార్చి నుంచి ఐఫోన్‌లోకి వేరే స్టోర్లు వచ్చినా, వాటి యాప్‌లకూ యాపిల్ హానికర కోడ్ తనిఖీ చేస్తూనే ఉంది. మన దేశంలో ఫోన్‌పే 2024 ఫిబ్రవరిలో తెచ్చిన ఇండస్ యాప్‌స్టోర్, నచ్చిన పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్ చెల్లింపులు తీసుకునే సేవ) వాడుకునే యాప్‌ల నుంచి కమీషన్ అడగనని ప్రకటించింది; తెలుగులోనూ దొరుకుతుంది. కానీ ఎక్కువ మంది ఫోన్లలో ముందే ఉండేది ప్లే స్టోర్ కాబట్టి అమ్మకందారు దాన్ని వదులుకోలేడు.

అందువల్ల ఆ అధ్యాపకుడు యాప్‌ను ప్లే స్టోర్‌లోనే ఉంచి, రుసుమును సొంత వెబ్‌సైటులో యూపీఐ ద్వారా తీసుకుని, విద్యార్థి యాప్‌లో లాగిన్ అయి పాఠాలు చూసేలా ఏర్పాటు చేసుకోవడం మేలు. ఈ పద్ధతిని స్టోర్ నిబంధనలు అనుమతిస్తాయి.