కన్సోల్ షూటర్‌లో ఎయిమ్ మొరాయిస్తుంటే అలవాటు పడాలా, సెట్టింగ్స్ మార్చాలా, ఏది మేలు?

మొబైల్‌లో బీజీఎంఐ, లేదంటే బెజవాడ పటమట సైడు గేమింగ్ సెంటర్లలో మౌస్ పట్టుకుని వాలరెంట్ లాంటి గన్ గేములు (షూటర్లు) ఆడి ఆడి, ఇప్పుడు కొత్తగా పీఎస్5 కన్సోల్ కొనుక్కున్న తమ్ముళ్లందరూ అడిగేది ఒకటే, "అన్నా, గన్ తిరగట్లేదు ఏంది?" అని. కంట్రోలర్ మీదున్న స్టిక్ తోస్తే క్రాస్‌హెయిర్ (స్క్రీన్ మధ్యలో ఉండే గురి గుర్తు) కాసేపు ఆలోచించుకుని కదులుద్ది, వదిలేస్తే ఇంకొంచెం ముందుకు పోయి ఆగుద్ది, ఈలోపు అవతలోడు మనల్ని లేపేసి వెళ్లిపోతాడు. దీనికి ఎవర్ని అడిగినా రెండే సలహాలు, ఒకరేమో కొన్నాళ్లు ఆడు అదే అలవాటవుద్ది అంటారు, ఇంకొకరేమో సెన్సిటివిటీ (స్టిక్ తోస్తే గన్ తిరిగే స్పీడు) పెంచి పడెయ్ అంటారు. నన్నడిగితే ఈ రెండిట్లో అలవాటు పడటమే మేలు, కాకపోతే దానికంటే ముందు ఆ లేటు ఎక్కడ్నుంచి వస్తుందో చూసుకోవాలి, ఎందుకంటే అలవాటు పడాల్సిన లేటు వేరు, అసలు ఉండకూడని లేటు వేరు.

ఉండకూడని లేటు ముందు టీవీలో ఉంటది. గుంటూరు బ్రాడీపేటలో మా పిన్ని వాళ్లబ్బాయి హాల్లో ఉన్న పెద్ద టీవీకే కన్సోల్ పెట్టాడు, పిన్ని సీరియల్స్ చూసుకునే పిక్చర్ మోడ్‌లోనే ఆడేస్తున్నాడు. ఆ మోడ్‌లో మోషన్ స్మూతింగ్ ఆన్‌లో ఉంది. అదేం చేస్తదంటే వరసగా వచ్చే రెండు ఫ్రేముల (బొమ్మల) మధ్యలో లేని ఫ్రేము ఒకటి తనే తయారుచేసి చూపిస్తది, అది తయారవ్వాలంటే తర్వాతి ఫ్రేము వచ్చేదాకా టీవీ ఆగాలి కదా, ఆ ఆగడమే మనకి చేతిలో బరువులాగా తెలుస్తది. గేమ్ మోడ్‌లో పెట్టగానే వాడు స్టిక్ ఇట్టా అట్టా తిప్పి నా వైపు చూశాడు, ఇంకేం చెప్పక్కర్లేదు. దీనికి పైసా ఖర్చు లేదు, అలవాటు పడే పనీ లేదు. కొత్త టీవీలు కొన్ని కన్సోల్ ఆన్ చేయగానే వాటంతటవే గేమ్ మోడ్‌కి మారతాయి, అయినా ఒకసారి మెనూలోకి వెళ్లి కళ్లతో చూసుకోండి, ఎందుకంటే కొన్నిట్లో ఒక్కో హెచ్‌డీఎంఐ పోర్టుకి మోడ్ విడివిడిగా పెట్టాల్సి వస్తది.

రెండోది డెడ్ జోన్. స్టిక్ నడిమధ్యలో కొంత మేర కదిపినా గేమ్ పట్టించుకోదు, పాత కంట్రోలర్లలో డ్రిఫ్ట్ (ముట్టుకోకపోయినా స్క్రీన్ జారడం) కనపడకుండా ఉండటానికి అట్టా పెడతారు. గేమ్ ఆన్ చేసి ఒక గోడ ముందు నిలబడి కుడి స్టిక్‌ని బొటనవేలితో మెల్లగా, చాలా మెల్లగా తోయండి, ఎక్కడిదాకా వచ్చాక క్రాస్‌హెయిర్ కదిలిందో చూడండి. సగం దూరం తోసినా చలనం లేకపోతే మీ లేటు మొత్తం అక్కడే ఉంది. సెట్టింగ్స్‌లో దాన్ని కొంచెం కొంచెం తగ్గించుకుంటూ పోండి, స్టిక్ ముట్టుకోకుండానే స్క్రీన్ జారడం మొదలైన చోట ఒక మెట్టు వెనక్కి రండి, అంతే. కాల్ ఆఫ్ డ్యూటీ, ఏపెక్స్ లాంటి వాటిలో ఇది మన చేతిలోనే ఉంటది, అన్ని గేముల్లోనూ ఇవ్వరు.

ఈ రెండూ సరిచేశాక కూడా మిగిలే బరువు గేమ్‌ది. 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 ఫ్రేములు) గేమ్‌లో ఒక్కో ఫ్రేము 33 మిల్లీ సెకన్లు, 60లో 17 లోపే, పైగా బటన్ నొక్కింది స్క్రీన్ మీదకి రావడానికి ఒక్క ఫ్రేము చాలదు, కొన్ని ఫ్రేములు పడతాయి. అందుకే గేమ్‌లో పెర్ఫార్మెన్స్ మోడ్ (బొమ్మ అందం తగ్గించి ఫ్రేములు పెంచేది) ఉంటే షూటర్ వరకు అదే పెట్టండి, బొమ్మ అందం తర్వాత చూసుకోవచ్చు. పీఎస్3 రోజుల్లో, 2009లో వచ్చిన కిల్‌జోన్ 2 అనే షూటర్ ఈ గేమ్ బరువుకి పెద్ద ఉదాహరణ, 30 ఎఫ్‌పీఎస్, గన్ తిప్పితే నిజంగా ఇనుము మోస్తున్నట్టు ఉండేది, దానిమీద అప్పట్లో బోలెడు గొడవ నడిచింది, 2011లో వచ్చిన మూడో భాగంలో కంట్రోల్స్ తేలిక చేశారు. నాకు మాత్రం ఆ రెండో భాగమే ఇష్టం. ఆ బరువుకి చెయ్యి కుదిరాక ఒక్కో ఫైట్‌లో వచ్చే కిక్కే వేరు, అట్టాంటి గేమ్‌ని సెట్టింగ్స్‌తో మార్చేద్దాం అనుకోవడం కంటే దాని తీరుకి మనం వెళ్లడమే కరెక్టు.

ఇక సెన్సిటివిటీ పెంచడం ఎందుకు వద్దంటున్నానో చూడండి. లేటు అనేది టైము, సెన్సిటివిటీ అనేది స్పీడు. స్పీడు పెంచినంత మాత్రాన టైము తగ్గదు. స్టిక్ ఫుల్‌గా తోస్తే సెకనుకి 200 డిగ్రీలు తిరుగుతుంది అనుకుందాం, మీరు వదిలాక సెకనులో పదో వంతు లేటుగా ఆగితే 20 డిగ్రీలు దాటి పోతారు, అదే 400 పెడితే 40 డిగ్రీలు. అప్పుడు మళ్లీ వెనక్కి లాగాలి, అది కూడా దాటిపోద్ది, ఇంక క్రాస్‌హెయిర్ వాడికి అటూ ఇటూ ఊగడమే తప్ప వాడి మీద ఆగదు. వెనక నుంచి కాలిస్తే తిరగలేకపోతున్నాం అనేది నిజమైన ఇబ్బందే, కాదనను, అయితే చాలా గేముల్లో మామూలు చూపుకి ఒకటి, గురి పెట్టినప్పుడు ఇంకోటి సెన్సిటివిటీ విడిగా ఉంటాయి, మొదటిది కాస్త పెంచుకోండి, గురిది మాత్రం ముట్టుకోవద్దు.

అలవాటు పడటం అంటే ఊరికే గంటలు గంటలు ఆడటం కాదు. ఆడే పద్ధతి మారాలి. మౌస్ మీద మనం ముందు శత్రువుని చూసి తర్వాత గురి తెస్తాం, స్టిక్ మీద అట్టా కుదరదు, నడిచేటప్పుడే క్రాస్‌హెయిర్‌ని తల ఎత్తులో పెట్టుకుని మూల తిరగాలి, అప్పుడు తిప్పాల్సిన దూరం చిన్నదైపోద్ది. ఆ మిగిలిన చిన్న తేడాని కుడి స్టిక్‌తో కాకుండా ఎడమ స్టిక్‌తో సరిచేయండి, అంటే గన్ తిప్పకుండా మీరే పక్కకి ఒక అడుగు జరగండి, క్రాస్‌హెయిర్ దానంతటదే వాడి మీదకి వస్తది, దగ్గరకి రాగానే ఎయిమ్ అసిస్ట్ (గురికి గేమే చేసే సాయం) కూడా కొంచెం నెమ్మది చేసి పట్టుకుంటది. ముందు క్యాంపెయిన్‌లో (ఒక్కళ్లే ఆడే కథలో), లేదంటే బాట్స్ (గేమే ఆడించే శత్రువులు) మీద చేయండి, నేరుగా ఆన్‌లైన్‌లోకి దిగితే నేర్చుకునే టైమే ఇవ్వరు. ఓడిపోయిన ప్రతి మ్యాచ్‌కీ సెట్టింగ్ మార్చకండి, మార్చిన ప్రతిసారీ బొటనవేలు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. అన్నట్టు మే నెలలో మన బెజవాడ ఎండకి కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఆడేటప్పుడు చేతులు చెమటకి జారతాయి, అదీ ఎయిమ్ మొరాయించినట్టే అనిపిస్తది, స్టిక్‌ల మీద థంబ్ గ్రిప్‌లు (జారకుండా పెట్టే తొడుగులు) వేసుకుని పక్కన ఒక కర్చీఫ్ పెట్టుకోండి.

ఇవేవీ కాదు, నాకు మౌస్ ఫీలే కావాలి అనే వాళ్లకి జైరో (కంట్రోలర్ వంచడాన్ని పసిగట్టే సెన్సర్) ఉంది. పెద్ద తిప్పుడు స్టిక్‌తో, చిన్న సర్దుబాటు కంట్రోలర్‌నే కొంచెం వంచి. పీఎస్5 కంట్రోలర్‌లో, స్విచ్‌లో జైరో ఉంది, ఎక్స్‌బాక్స్ మామూలు కంట్రోలర్‌లో లేదు. స్టిక్ కంటే ఇది మంచిదే అంటాను నేను, కాకపోతే గేమ్ సపోర్ట్ చేయాలి, ఫోర్ట్‌నైట్ చేస్తది, చాలా గేములు చేయవు. కొన్ని గేముల్లో నేరుగా మౌస్ పెట్టుకునే వీలు కూడా ఉంది, కానీ మౌస్‌కి సాధారణంగా ఎయిమ్ అసిస్ట్ రాదు, సోఫాలో కూర్చుని ఒళ్లో కీబోర్డు పెట్టుకుని ఆడటం కన్నా దానికి పీసీయే నయం. బీజీఎంఐలో ఫోన్ వంచి ఆడే అలవాటున్న వాళ్లయితే మాత్రం డెడ్ జోన్ తర్వాత నేరుగా జైరోకే వెళ్లిపోండి, మీ చేతికి అది ఆల్రెడీ వచ్చు.