అమ్మానాన్నలతో నేపుల్స్: ఎక్కడ దిగాలి, ఏది వదిలేయాలి

ఇటలీలోని నేపుల్స్ వెళ్తున్నామని చెప్తే ఐరోపాలో ఉన్న మనవాళ్ళు అడిగేది ఒకటే. అగ్నిపర్వతం పూడ్చేసిన పాంపే శిథిలాలు ఏ రోజు, కాప్రీ ద్వీపం ఏ రోజు? ఊరి సంగతి ఎవరూ అడగరు. పడుకోవడానికి నేపుల్స్, తిరగడానికి చుట్టుపక్కల అన్నట్టు ప్లాన్ వేస్తారు. పొద్దున్నే పాంపే, మర్నాడు కాప్రీ, ఆ మర్నాడు అమాల్ఫీ తీరం. వారాంతానికి ఇంకో సెలవు కలుపుకుని వెళ్ళేవాళ్ళకి ఈ లెక్కలో చివరికి గుర్తుండేవి రైల్వే ప్లాట్‌ఫారాలు, పడవల క్యూలు. తక్కువ రోజులుంటే ఊరికే ఎక్కువ సమయం ఇవ్వాలి, బయటకి ఒక్కచోటికి వెళ్ళాలి, అది కూడా పాంపే కాకపోయినా పర్లేదు. నేనలాగే చేశాను, ఎవరడిగినా అదే చెప్తున్నాను.

మేముండేది మ్యూనిక్‌లో. తెనాలి నుంచి అమ్మా నాన్నా వచ్చినప్పుడు నలుగురం కలిసి వెళ్ళాం. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. అమ్మ మాంసం, గుడ్డు ముట్టదు. ప్లానంతా ఈ రెండు విషయాల చుట్టూ తిరిగింది. వాళ్ళకి జర్మనీ ఇచ్చిన షెంగెన్ వీసా ఇటలీకీ సరిపోతుంది. అసలు పాస్‌పోర్టులు మాత్రం దగ్గరుండాలి. ఎక్కడ దిగినా వివరాలు రాసుకుని పోలీసులకి పంపడం అక్కడి చట్టం, కాబట్టి ఫోన్‌లో ఫొటో చూపిస్తామంటే కుదరదు.

ముందు బస గురించి చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో ట్రిప్ బాగుండటం, చెడిపోవడం అక్కడే తేలిపోతుంది. చవగ్గా దొరికేవి సెంట్రల్ స్టేషన్ ఎదురుగా, గరిబాల్ది కూడలి చుట్టూ ఉంటాయి. పొద్దున్నే రైలు ఎక్కేవాళ్ళకి సౌకర్యమే. రాత్రి తొమ్మిది దాటాక పెద్దవాళ్ళతో ఆ వీధుల్లో నడవడం నాకు ఇష్టం లేదు, అందుకే వదిలేశాను. సముద్రం వైపు కియాయా పేట శుభ్రంగా, ప్రశాంతంగా ఉంటుంది. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది. కొండ మీద వోమెరో పేటలో ఊరి జనం కాపురాలుంటారు. రాత్రి నిద్ర పడుతుంది కానీ ప్రతిసారీ మెట్రో గానీ, ఫ్యూనిక్యులర్ అనే తాడు రైలు గానీ ఎక్కి దిగాలి. పాతపట్నం నడిబొడ్డున దిగితే అన్నీ కాలినడకన దొరుకుతాయి. దానితోపాటు అర్ధరాత్రి రెండింటి దాకా స్కూటర్ల హారన్లు కూడా కిటికీలోంచి వస్తాయి. తొలేదో వీధికి పడమట ఉన్న స్పానిష్ పేటలు ఫొటోల్లో చాలా అందంగా ఉంటాయి. ఫుట్‌బాల్ పిచ్చి ఉంటే మారడోనా బొమ్మ గీసిన గోడ అక్కడే ఉంది, 1984 నుంచి 1991 దాకా ఈ ఊరి జట్టుకి ఆడినాయన్ని ఇప్పటికీ దేవుడిలా కొలుస్తారు. కానీ ఆ సందులన్నీ ఎక్కుడు దారులే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని అక్కడ దించకండి.

మేం దాంతే కూడలి దగ్గర దిగాం. పాతపట్నం అంచున ఉంటుంది, పక్కనే మెట్రో ఒకటో లైను, మ్యూజియం నడిచిపోయేంత దూరం. ఉన్న సమయంలో ఇంతకంటే మంచి చోటు నాకు తోచలేదు. పాత భవనాల్లో ఒక్కో అంతస్తు ఎత్తు చాలా ఎక్కువ. బుకింగ్ పేజీలో మూడో అంతస్తు అని రాస్తే మన అపార్ట్‌మెంట్ లెక్కలో ఐదో అంతస్తని అనుకోండి. లిఫ్టు ఉందా అని అడిగితే చాలదు. వీధి గుమ్మం నుంచి లిఫ్టు దాకా ఎన్ని మెట్లు, లిఫ్టు నేరుగా మన అంతస్తులోనే ఆగుతుందా అని కూడా అడగాలి. నేను అడిగిన ఒక చోట లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగుతుందనీ, అక్కణ్ణుంచి మెట్లెక్కాలనీ తేలింది. ఇంకో సంగతి, కొన్ని భవనాల్లో లిఫ్టు నడవాలంటే చిల్లర నాణెం వెయ్యాలి. నాన్నకి ఇది భలే నచ్చింది. జేబులో చిల్లర వేరుగా పెట్టుకుని, ఎక్కిన ప్రతిసారీ తనే వేసేవాడు.

చిన్న బసల్లో చాలావాటికి రిసెప్షన్ ఉండదు. మెసేజ్‌లో గేటు కోడ్ పంపిస్తారు. టిఫిన్ అంటే కింద ఉన్న బార్‌లో కాఫీకీ, కోర్నెట్టో అనే క్రోసాంలాంటి బన్నుకీ ఇచ్చే కూపన్. బార్ అంటే కంగారు పడక్కర్లేదు, కాఫీ కొట్టే. ఊరి పన్ను మనిషికి ఇంత, రాత్రికి ఇంత అని విడిగా కట్టాలి. గది అద్దెలో అది కలిసి ఉండదు.

ఎయిర్‌పోర్టు ఊళ్ళోనే ఉన్నట్టు లెక్క. అలీబస్ అనే బస్సు స్టేషన్ మీదుగా రేవు దాకా వెళ్తుంది, టికెట్ ఐదు యూరోలు. నలుగురం, పెట్టెలు కూడా ఉన్నాయి కాబట్టి టాక్సీ తీసుకున్నాం. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి స్థిర ధరలుంటాయి, కాకపోతే బండి కదలకముందే ఆ ధర కావాలని మనమే అడగాలి. మా డ్రైవర్ మీటర్ మీద చెయ్యి వేశాడు, అడిగాక నవ్వి సరేనన్నాడు.

ఇక తిండి. పిజ్జా ఊరు కాబట్టి శాకాహారులకి ఇబ్బంది లేదనుకుంటాం. కొంతవరకు నిజమే. మార్గెరీటా, చీజ్ లేని మరినారా ఏ కొట్లో అయినా ఉంటాయి. పిజ్జా మధ్యలో మెత్తగా, తడితడిగా ఉంటుంది, ముక్కలు కొయ్యకుండానే తెచ్చి పెడతారు. నాన్న ఫోర్కుతో ఎత్తి చూసి, "ఏమ్మా, ఇది ఇంకా కాలలేదేమో" అన్నాడు. అక్కడ పద్ధతే అది. బాగా మండే కొలిమిలో నిమిషం, నిమిషంన్నరలో తీసేస్తారు. రెండో రోజుకి నాన్నే ముందు ఆర్డర్ చేశాడు. పేరు మోసిన కొట్ల ముందు గంటల కొద్దీ క్యూలుంటాయి. వాటిలో నిలబడటం నాకు దండగనిపించింది. పక్క వీధిలో ఇరుగుపొరుగు తినే కొట్టు చూసుకుంటే చాలు, పిండీ టొమాటో అంతే బాగుంటాయి.

చిక్కంతా పిజ్జా బయట ఉంది. తారల్లి అని మిరియాలూ బాదంపప్పులూ వేసిన కరకరలాడే చుట్టలు వీధి వీధినా అమ్ముతారు. చూస్తే మన చేగోడీలు గుర్తొస్తాయి. అమ్మ చెయ్యి చాచేలోపు ఆపాను, ఎందుకంటే సంప్రదాయంగా ఆ పిండిలో పంది కొవ్వు కలుపుతారు. స్ఫొల్యతెల్లా అనే పొరల మిఠాయిలో కూడా అంతే, పొరల రకంలో పాత పద్ధతి ప్రకారం అదే కొవ్వు పడుతుంది, పైగా లోపలి పూర్ణంలో గుడ్డు ఉంటుంది. చిక్కుడు గింజల పాస్తా పేరుకి శాకాహారమే, రుచికి పంది మాంసం ముక్క వేసే ఇళ్ళూ హోటళ్ళూ ఎక్కువ. 'సెన్సా స్ట్రుత్తో' అంటే పంది కొవ్వు లేకుండా అని. ఈ మాట ఒకటి నేర్చుకుని వెళ్ళండి. పార్మెజాన్ చీజ్ తయారీకి దూడ పొట్టలోంచి తీసే, పాలు విరగ్గొట్టే రెన్నెట్ వాడతారు, దాన్ని కూడా పట్టించుకునేవాళ్ళకి మరినారా ఒక్కటే నిశ్చింత. అమ్మకి బాగా కుదిరింది ఫ్రియారియెల్లి, కాస్త చేదుగా ఉండే ఆకుకూర, వెల్లుల్లీ ఎండుమిర్చీ వేసి నూనెలో వేయిస్తారు. "అన్నంలోకి ఎంత బాగుంటుందో" అని రెండు పూటలు అంది. ఆ అన్నం కూడా దొరికింది. నేపుల్స్‌లో శ్రీలంక వాళ్ళు చాలామంది స్థిరపడ్డారు, మ్యూజియం పక్కన కవూర్ కూడలి వైపు వాళ్ళ చిన్న చిన్న కొట్లున్నాయి. కరివేపాకు తాలింపు వాసన తగిలేసరికి అమ్మ మొహం వెలిగిపోయింది.

కాఫీ నిలబడి తాగితే ఒక ధర, కూర్చుని తాగితే ఒక ధర. హోటళ్ళలో బిల్లు మీద కొపెర్తో అని మనిషికి కొంత వేస్తారు. మోసం కాదు, మెనూలో రాసే ఉంటుంది.

చూడాల్సినవాటిలో నా మొదటి ఓటు పురావస్తు మ్యూజియానికి. పాంపే వెళ్ళినవాళ్ళు అక్కడ ఖాళీ గోడలు చూసి నిరుత్సాహపడతారు. మంచి చిత్రాలూ, మొజాయిక్‌లూ, కంచు బొమ్మలూ చాలావరకు ఈ మ్యూజియంలోకి వచ్చేశాయి. రోమ్‌లో కరకల్లా స్నానశాలల్లో 1546లో దొరికిన గ్రీకు వీరుడు హెర్క్యులిస్ విగ్రహం మూడు మీటర్లు దాటి ఉంటుంది. గద మీద వాలి అలిసిపోయి నిలబడిన ఆ వీపు వెనక నాన్న చాలాసేపు ఉండిపోయాడు.

నేను ప్రత్యేకంగా వెతుక్కుంటూ వెళ్ళింది మాత్రం జానెడు మించిన ఒక దంతపు బొమ్మ కోసం. 1938లో పాంపేలో ఒక ఇంట్లో దొరికింది, మన దేశం నుంచి వెళ్ళిన బొమ్మ. మొదట్లో లక్ష్మి అన్నారు, ఇప్పుడు యక్షిణి అనేవాళ్ళే ఎక్కువ. కాళ్ళ నిండా కడియాలు, ఇటూ అటూ ఇద్దరు చిన్న పరిచారికలు. అడుగున ఖరోష్ఠి అనే మన పాత లిపిలో అక్షరం ఒకటుంది. మహారాష్ట్రలో శాతవాహనుల కాలపు వర్తక పట్టణం భోకర్దన్‌లో ఇలాంటి దంతపు బొమ్మ దొరకడంతో, ఇదీ దక్కను నుంచే ఓడెక్కి ఉంటుందని పండితులు అనుకుంటున్నారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపే పూడిపోయే నాటికే ఈ బొమ్మ అక్కడికి చేరి ఉండాలి. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ వెండి నాణేలు దొరికాయని చదివి ఉంటారు, ఆ బేరానికి అవతలి ఒడ్డు ఇది. ఒక్క ఇబ్బంది, దీన్ని పెట్టింది 'రహస్య గది'లో. పాంపేలో దొరికిన శృంగార చిత్రాలు చాలా అక్కడే ఉన్నాయి. అమ్మానాన్నలతో వెళ్తే ముందే చెప్పి తీసుకెళ్ళండి. నాన్న గుమ్మంలోంచే వెనక్కి తిరిగాడు. అమ్మ మాత్రం చుట్టుపక్కల చూడకుండా నేరుగా వచ్చి, ఆ కడియాలు లెక్కపెట్టి వెళ్ళింది.

సాన్సెవేరో ప్రార్థనామందిరంలో మేలిముసుగు కప్పిన క్రీస్తు శిల్పం ఉంది, జుసెప్పే సాన్‌మార్తీనో 1753లో చెక్కాడు. ముసుగుతో సహా ఒకే పాలరాయి. నుదుటి నరం ఆ బట్ట కిందనుంచి కనిపిస్తుంది. దానికి టికెట్ ముందే కొనాలి, అక్కడికి వెళ్ళి కొందాంలే అంటే దొరకదు. ఫొటోలు తియ్యనివ్వరు, అదే మంచిదైంది. ఇదీ, పురావస్తు మ్యూజియమూ రెండూ మంగళవారం మూత. మీ ట్రిప్‌లో మంగళవారం పడితే ఊరి బయటి చోటు ఆ రోజుకి పెట్టుకోండి.

భూగర్భ నేపుల్స్ టూర్ మాకు కుదరలేదు. నలభై మీటర్ల లోతుకి వందకి పైగా మెట్లు దిగాలి, కొన్ని చోట్ల ఒంటిని పక్కకి తిప్పి నడవాలి. మా ఆయన ఒక్కడూ వెళ్ళొచ్చి, గ్రీకులు తవ్విన రాతి గనులే తర్వాత నీటి తొట్లై, రెండో ప్రపంచయుద్ధంలో బాంబుల నుంచి దాక్కునే చోటయ్యాయని చెప్పాడు. ఆ సమయంలో మేం ముగ్గురం సాన్ గ్రెగోరియో అర్మేనో సందులో ఉన్నాం, ఏడాది పొడవునా క్రీస్తు జననం బొమ్మలు చేసి అమ్మే వీధి. కసాయి కొట్టు, పిజ్జా బట్టీ, చేపలమ్మే ఆవిడ, అన్నీ వేలెడంత మట్టి బొమ్మల్లో. అమ్మ కొలువు కోసం ఒక రొట్టెల బట్టీ కొంది.

బయటి చోటుగా మేం ఎంచుకున్నది హెర్క్యులేనియం, పాంపేతోపాటే పూడిపోయిన చిన్న రోమన్ ఊరు. చిర్కుమ్‌వెసువియానా లోకల్ రైల్లో ఎర్కొలానో స్కావి స్టేషన్ ఇరవై నిమిషాలు, పాంపేకి ముప్పై ఐదు దాకా పడుతుంది. ఈ రైళ్ళలో ఏసీ, సీటు దొరుకుతాయన్న ఆశ పెట్టుకోకండి, పర్సు ముందు జేబులో ఉంచండి. పాంపే అరవై హెక్టార్లకి పైన, ఎండలో నీడ లేని రాతి వీధులు, పైగా ఇప్పుడు రోజుకి ఇరవై వేల మందినే అనుమతిస్తూ పేరు రాసిన టికెట్లు ఇస్తున్నారు. హెర్క్యులేనియంలో తవ్విన భాగం రెండు మూడు గంటల్లో తీరిగ్గా అయిపోతుంది. ఇక్కడ ఊరు వెసూవియస్ వదిలిన వేడి బూడిదలో ఇరవై మీటర్ల లోతున కప్పబడటం వల్ల కాలి బొగ్గైన చెక్క కూడా మిగిలింది. మంచం, తలుపు, గదుల మధ్య కట్టిన చెక్క అడ్డు, పైఅంతస్తు దూలాలు కనిపిస్తాయి. కింద పడవల కొట్టాల్లో, ఓడ కోసం ఎదురుచూస్తూ చనిపోయిన మూడొందల మంది దాకా మనుషుల ఎముకలు దొరికాయి. నాన్న అక్కడ మాట్లాడలేదు. స్టేషన్ నుంచి శిథిలాలకి దిగుడు దారి, తిరుగు ప్రయాణంలో అదే ఎక్కుడు. మేం పైకి టాక్సీలో వచ్చాం. పాంపే గొప్పదే, పూర్తి రోజూ మంచి మోకాళ్ళూ ఉన్నవాళ్ళకి.

సముద్రం గురించి ఒక మాట. నడిఊళ్ళో చెప్పుకోదగ్గ ఇసుక తీరం ఉండదు. బండలు, నడక దారి, ఎదురుగా వెసూవియస్, అంతే. సాయంత్రం నడవడానికి చాలా బాగుంటుంది, ఈతకి వచ్చేవాళ్ళకి కాదు. ద్వీపం చూసి తీరాలనుకుంటే కాప్రీ బదులు ప్రొచిదా మంచిదని నా ఉద్దేశం. ఊరి నుంచి వేగం పడవలో నలభై నిమిషాలే, కాప్రీ అంత రద్దీ ఉండదు, పల్లెకారుల రంగు ఇళ్ళు ఇంకా పల్లెకారులవే. అమాల్ఫీకి వేరే సెలవు పెట్టుకోండి.

వోమెరో కొండ మీద సాన్ మార్తీనో మఠం దగ్గరి నుంచి ఊరంతా కనిపిస్తుంది. ఫ్యూనిక్యులర్‌లో వెళ్తే నాన్నలాంటి వాళ్ళకీ కష్టం లేదు. దిగేటప్పుడు పెత్రాయో మెట్ల దారి అందమైనదే, కుర్రవాళ్ళకి వదిలేయండి. ఎప్పుడు వెళ్ళాలంటే ఏప్రిల్, మే, అక్టోబర్. ఆగస్టు 15 చుట్టుపక్కల మంచి కొట్లు చాలావరకు మూసి, యజమానులే సెలవులకి పోతారు. డిసెంబర్‌లో బొమ్మల సందు కళకళలాడుతుంది కానీ ఆ తోపులాటలో పెద్దవాళ్ళ చెయ్యి వదలకుండా పట్టుకుని నడవాల్సిందే.