కొల్లేరు విడిది, పూర్వీకుల ఊరు ప్యాకేజీలు: అడ్వాన్సు కట్టేముందు జాగ్రత్త

కొల్లేటి ఒడ్డున విడిది, పడవ షికారు, తాతముత్తాతల ఊరి దర్శనం అన్నీ కలిపి ఒకే ప్యాకేజీగా ఇస్తామనే ప్రకటనలను నమ్మి చిన్నపిల్లలతో బయలుదేరబోతున్న కుటుంబాలవారు డబ్బు కట్టకముందే ఇది చదవాలని కోరుతున్నాను. మేము అలాంటి ప్యాకేజీకే పూర్తి సొమ్ము చెల్లించాము. ఇచ్చిన హామీలలో నిలబెట్టుకున్నది భోజనం ఒక్కటే. మా ఫిర్యాదు విచారణలో ఉన్నందున నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు.

మా తాతగారు ఆకివీడు వైపున ఉన్న ఒక లంక గ్రామం నుంచి బతుకుతెరువు కోసం హైదరాబాదు వచ్చి స్థిరపడ్డారు. నాన్నగారికి ఓపిక ఉండగానే ఆ ఊరిని, ఆ సరస్సును మనవలకు చూపించాలన్నది ఆయన కోరిక. ప్రకటనలో గూడబాతుల ఫోటోలు, నీటికి ఎదురుగా వరండా ఉన్న ఇల్లు, "మీ వంశ రికార్డులు మేమే వెతికి పెడతాము" అన్న మాట చూసినప్పుడు, అది మా కోసమే తయారుచేసినట్టుగా అనిపించింది.

అక్కడ మాకు చూపించిన నీరు కొల్లేరు కాదు. అది శీలావతి, బొచ్చె పెంచే చేపల చెరువు. గది గుమ్మానికి నాలుగు అడుగుల అవతల చెరువు గట్టు, దానికి కంచె లేదు, వాన పడితే కాలు నిలవని నల్లమట్టి. నాలుగేళ్ల పాపను, ఏడేళ్ల బాబును పెట్టుకుని ఆ ఇంట్లో మేము ఒక్క క్షణం కూడా నిశ్చింతగా కూర్చోలేకపోయాము. ప్రకటనలోని పక్షుల ఫోటోలు కైకలూరు దగ్గరి ఆటపాక పక్షుల కేంద్రానివి. అక్కడికి అటవీశాఖ టిక్కెట్టు కొనుక్కుని ఎవరైనా వెళ్లవచ్చు, ఏ ప్యాకేజీ అవసరం లేదు.

కొల్లేరులో సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తును సూచించే గీత (కాంటూరు) వరకు ఉన్న ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను ప్రభుత్వమే కొట్టించింది. కాబట్టి తమ విడిది సరస్సును ఆనుకునే ఉందని ఎవరైనా చెబితే, ఆ స్థలం కాంటూరుకు లోపల ఉందా, వెలుపల ఉందా అని అడగండి. లోపల ఉందంటే దానికి అనుమతి ఎలా వచ్చిందో తెలుసుకోవాలి. వెలుపల అయితే కిటికీలోంచి కనిపించే నీరు ఏమిటో తెలుసుకోవాలి. మ్యాపులో స్థలం గుర్తు పంపమంటే మాకు చివరిదాకా దగ్గరి బస్టాండు గుర్తే పంపారు.

పడవ విషయం ఇంతకంటే పెద్దది. ప్రకటనలో పిల్లల లైఫ్ జాకెట్లు ఉంటాయని రాశారు, రేవు దగ్గర ఉన్నవన్నీ పెద్దవాళ్లవే. పెద్దల జాకెట్టు చిన్నపిల్లకు తొడిగితే, నీటిలో పడినప్పుడు జాకెట్టు పైకి తేలిపోయి పిల్ల అందులోంచి కిందికి జారిపోతుంది. మనిషికి ఒకటి చొప్పున లెక్క సరిపోయినంత మాత్రాన రక్షణ ఉన్నట్టు కాదు. పైగా గుర్రపుడెక్క కమ్మిన కాలువలో ఇంజను ఫ్యానుకు తీగలు చుట్టుకుని పడవ మధ్యలో ఆగిపోవడం అక్కడ మామూలేనని పడవ నడిపే ఆయనే చెప్పారు. మేము ఎక్కకుండా వెనక్కి వచ్చేశాము. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల పడవ మునిగిన ఘోరం తరువాత కూడా పిల్లల ప్రాణాల మీద ఇంత నిర్లక్ష్యమా అని ఈ మాట రాస్తున్నప్పుడు కూడా నాకు బాధగానే ఉంది.

అన్నిటికంటే మనసును గాయపరచింది పూర్వీకుల పేరుతో చేసిన మోసం. అదనపు రుసుము తీసుకుని, ప్లాస్టిక్ పూత వేసిన వంశవృక్షం ఒకటి మా చేతికిచ్చారు. అందులో మా ముత్తాతగారి భూమి వివరాలు "1890 నాటి పశ్చిమ గోదావరి జిల్లా రికార్డు" నుంచి తీసినట్టు రాసి ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడిందే 1925లో. తరువాత ఒక వృద్ధుణ్ణి తీసుకొచ్చి, మా తాతగారికి వరుసకు తమ్ముడని పరిచయం చేశారు. నాన్నగారు కళ్లు చెమర్చి ఆయనకు పాదాభివందనం చేసి, ఇంటిపేరు, గోత్రం అడిగారు. ఆయన చాలాసేపు తల వంచుకుని, "నాకేం తెలీదు బాబూ, వచ్చి కూర్చోమన్నారు, వచ్చాను" అన్నారు. ఆ పెద్దాయనపై మాకు ఎలాంటి కోపం లేదు. డెబ్బై దాటిన మనిషి తన తండ్రి జ్ఞాపకాల కోసం వస్తే, ఆ ఆరాటాన్ని సొమ్ము చేసుకోవాలనుకున్నవాళ్లను మాత్రం క్షమించలేకపోతున్నాము.

నిజానికి ఈ వెతుకులాటకు మధ్యవర్తి అక్కరలేదు. మరునాడు మేమే సొంతంగా ఊళ్లోకి వెళ్లి, రామాలయం అరుగు మీద ఉన్న పెద్దలకు ఇంటిపేరు, తాతగారి పేరు చెబితే, పాత ఇంటి స్థలం ఏదో వాళ్లే చూపించారు. కొల్లేటి పల్లెల్లో ఇంటిపేరు చెప్పగానే మూడు తరాల చుట్టరికం చెప్పగల పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. సర్వే నంబరు తెలిస్తే ఇప్పటి భూమి రికార్డులైన అడంగల్, 1-బి ప్రభుత్వ వెబ్‌సైటు మీభూమిలో చూసుకోవచ్చు. పాత భూమి రిజిస్టర్ల గురించి గ్రామ సచివాలయంలోనూ, తహసీల్దారు కార్యాలయంలోనూ అడగాలి. ఎవరైనా రికార్డు తెచ్చామంటే, అది ఏ కార్యాలయంలోని ఏ రిజిస్టరులో, ఏ పేజీలో ఉందో చెప్పమని అడిగి, ధ్రువీకరించిన నకలు చూపిస్తేనే డబ్బు ఇవ్వండి.

ఇప్పటికే అడ్వాన్సు కట్టినవారు మిగతా సొమ్ము చెల్లించకముందే విడిది మ్యాపు గుర్తు, గది ముందున్న నీటి వీడియో, పిల్లల కొలత లైఫ్ జాకెట్ల ఫోటో, రద్దు చేసుకుంటే తిరిగి వచ్చే మొత్తం అన్నిటినీ వాట్సాప్‌లో రాతపూర్వకంగా తెప్పించుకోండి. ఫోనులో చెప్పిన మాటలకు సాక్ష్యం ఉండదు. మోసపోయినవారు ప్రకటన స్క్రీన్‌షాట్లు, చెల్లింపు రసీదులు భద్రపరచి ముందుగా 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనుకు ఫోను చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు కాబట్టి, హైదరాబాదులో ఉన్నవారు అందుకోసం ఏలూరు దాకా వెళ్లనక్కరలేదు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపు ఉంటే రుసుము కూడా లేదు, ఫిర్యాదు చేయడానికి గడువు రెండేళ్లు. మేము అదే దారిలో ఫిర్యాదు చేశాము.