బరంపురం పట్టు వీధులు: బస, బజారు, మగ్గం

బరంపురం వెళ్లేవారిలో ఎక్కువమంది గోపాల్‌పూర్ సముద్రతీరం చూసి, ఊళ్లో ఒక పూట భోజనం చేసి, తిరుగు రైలు ఎక్కేస్తారు. ఊరి నడిబొడ్డున బడా బజారు సందుల్లోనూ, దేశిబెహెరా వీధి చుట్టుపక్కలా ఇప్పటికీ మగ్గం చప్పుడు వినిపించే ఇళ్లున్నాయని, అక్కడి నేతగాళ్లలో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటారని వారిలో ఎందరికి తెలుసునో అనుమానమే. ఒడిశా సరిహద్దు జిల్లాల్లో రెండు రోజులు వెచ్చించి కాలినడకన తిరగదగిన పట్టణం ఏదని ఎవరైనా అడిగితే నేను ముందుగా బరంపురం పేరే చెబుతాను.

మాది పర్లాకిమిడి. మేనల్లుడి పెళ్లికి పట్టు జోడా (పంచె, ఉత్తరీయం), పెళ్లికూతురికి చీర తీసుకోవాలని మా వదినతో కలిసి గుణుపురం వైపు నుంచి వచ్చే రైల్లో వెళ్లాను. విశాఖపట్నం నుంచి వచ్చేవారికి ఇంకా సులువు. హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద ఉన్న స్టేషన్ కాబట్టి రైళ్లకు కొదవ లేదు. ఇచ్ఛాపురం నుంచి రోడ్డు మీద పాతిక కిలోమీటర్ల దూరమే.

బస విషయంలో మాకు రెండు దారులు కనిపించాయి. ఒకటి పదహారు కిలోమీటర్ల దూరంలోని గోపాల్‌పూర్‌లో సముద్రానికి ఎదురుగా గది తీసుకోవడం, రెండోది ఊళ్లోనే ఉండడం. మొదటి రాత్రి గోపాల్‌పూర్‌లో గడిపాము. గాలి బాగుంది, గది శుభ్రంగా ఉంది, కానీ నేతవీధులు చూడాలనుకునేవారికి అది పనికిరాదు. ఉదయం ఆటో మాట్లాడుకుని ఊళ్లోకి వచ్చేసరికి మగ్గం మీద మొదటి విడత పని అయిపోతుంది, సాయంత్రం బజారు కళకళలాడే వేళకు తిరుగు ప్రయాణం గురించి ఆలోచించవలసి వస్తుంది. మర్నాడు స్టేషన్‌కూ గిరి రోడ్డుకూ మధ్య ఒక లాడ్జికి మారాము. అద్దె గోపాల్‌పూర్ గదికి సగం కూడా లేదు. అయితే వేడినీళ్లు ఉదయం ఏడు దాటితే రావన్న సంగతి గది ఇచ్చేటప్పుడు చెప్పలేదు. కిటికీ వీధివైపు ఉండడంతో రాత్రి పొద్దుపోయేదాకా హారన్ల మోత తప్పలేదు. అయినా రెంటిలో ఒకటి ఎంచుకోమంటే లాడ్జినే ఎంచుకుంటాను. గది అడిగేటప్పుడు వెనకవైపుది ఇమ్మని అడగండి, వేడినీళ్ల వేళలు ముందే తెలుసుకోండి.

ఉదయం ఎనిమిది గంటలకు నేతవీధిలో అడుగుపెట్టాము. ఇవి దుకాణాలు కావు, కాపురాలుండే ఇళ్లు. అందుచేత గుమ్మం ముందు నిలబడి, పలకరించి, పిలిస్తేనే లోపలికి వెళ్లాలి, ఫొటో తీసేముందు అడగాలి. మేము తెలుగులో పలకరించగానే ఒక పెద్దాయన "రండమ్మా, కూచోండి" అని పీట వేయించారు. ముందుగదిలో సగం చోటు గుంట మగ్గానిదే. ఆయన గుంటలో కాళ్లు పెట్టి తొక్కుడు కర్రలు తొక్కుతూ ఒక అంచు నాడెనూ (అడ్డపోగును అటూ ఇటూ దాటించే పనిముట్టు), నడిమి నాడెనూ విసురుతుంటే, అవతలి కొసన ఆయన భార్య రెండో అంచు నాడెను అందుకుని తిరిగి పంపుతున్నారు. ఈ పట్టుకు పేరు తెచ్చిన ఫోడా కుంభ అంచు, అంటే గుడి శిఖరాల్లాగా పైకి కూచిగా లేచే బారు, ఈ మూడు నాడెల పనివల్లనే వస్తుంది. ప్రతి వరుసలోనూ అంచు పేకను, అంటే అడ్డపోగును, చీర ఒంటి రంగు పేకతో మెలిపెట్టి కలుపుతారు. శిఖరం వాలు ఏర్పడాలంటే ఆ కలిపే చోటు వరుస వరుసకూ ఒకటి రెండు పోగులు లోపలికి జరగాలి. ఒక్క వరుసలో లెక్క తప్పినా శిఖరం వంకరపోతుందని, అప్పుడు విప్పి మళ్లీ నేయడం తప్ప దారి లేదని పెద్దాయన చెప్పారు. మా వదిన చీరను తిరగేసి చూపమన్నారు. వెనకవైపు కూడా అంచు ముందువైపు లాగానే శుభ్రంగా, వేలాడే పోగులు లేకుండా ఉంది. ఎర్ర అంచుతో ముదురు ఆకుపచ్చ చీర అది. మేము కూర్చున్న గంటసేపట్లో జానెడు కూడా పెరగలేదు.

ఈ నేతకు బరంపురం పట్టు (ఫోడా కుంభ) చీర, జోడా అన్న పేరుతో 2012లో భౌగోళిక గుర్తింపు లభించింది. చీరతోపాటు జోడాకు కూడా ఆ పేరులో చోటు దక్కడం సముచితమే. పెళ్లిళ్లకూ పూజలకూ మగవారు కట్టుకునే పంచె, ఉత్తరీయం కలిపి జోడా. మగవారి బట్ట మీద ఇంత శ్రద్ధ పెట్టిన నేతలు తక్కువ.

కొనుగోలు దగ్గర మాత్రం చాలా జాగ్రత్త కావాలి. ప్రధాన వీధిలోని పెద్ద అద్దాల దుకాణాల్లో మర్యాదకు లోటు లేదు. చల్లని గది, మంచినీళ్లు, విసుగు లేకుండా పాతిక చీరలు విప్పి చూపించే కుర్రవాళ్లు. కానీ ఒక దుకాణంలో బరంపురం పట్టు అని చూపిన చీర అంచును తిరగేస్తే వెనక కత్తిరించిన పోగుల కుచ్చులు కనిపించాయి. అది మరమగ్గం మీద నేసినదని మా వదిన వెంటనే పోల్చారు. అడిగితే సమాధానం రాలేదు, మరో చీర వచ్చింది. సిల్క్ మార్క్ చీటీ పట్టు అసలుదేనని మాత్రమే చెబుతుంది, చేతిమగ్గమా కాదా అన్నది హ్యాండ్లూమ్ మార్క్ చీటీ చెబుతుంది. రెండూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. నేతగాళ్ల సహకార సంఘం దుకాణంలో రకాలు తక్కువ, అమ్మేవారిలో ఉత్సాహం కూడా తక్కువే. మధ్యాహ్నం తలుపు మూసి ఉంటే ఒకసారి వెనక్కి రావలసి వచ్చింది కూడా. అయినా ధర చీటీ మీద రాసి ఉంటుంది, బేరం బాధ లేదు, అడిగిన ప్రశ్నకు సూటిగా జవాబు వస్తుంది. ముందు అక్కడ ధర తెలుసుకుని, తరువాత నేతవీధికి వెళ్లడం మంచిది. మాకు నచ్చిన చీరల్లో పదివేలకు తక్కువైనది ఒక్కటీ లేదు. ఇద్దరు మనుషుల రోజుల తరబడి పని కళ్లారా చూశాక ఆ ధర ఎక్కువని మేము అనుకోలేదు.

ఊళ్లో భాష గురించి బెంగ అక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది. మన నాలుగో రాష్ట్రపతి వి.వి. గిరి 1894లో పుట్టినది ఈ బరంపురంలోనే, తెలుగు కుటుంబంలోనే. బజారులో ఒడియాలో మొదలైన బేరం తెలుగులో ముగియడం మామూలు సంగతి.

ఈ వీధుల అసలు వైభవం చూడాలంటే బూఢీ ఠాకురాణి యాత్ర సమయంలో వెళ్లాలి. రెండేళ్లకొకసారి చైత్రమాసంలో జరిగే ఈ యాత్రలో అమ్మవారు గుడి విడిచి దేశిబెహెరా వీధిలోని తాత్కాలిక మందిరానికి, అంటే పుట్టింటికి వస్తుంది. నేతగాళ్ల కులపెద్ద దేశిబెహెరాదే ఆ పుట్టింటి పెత్తనం. దాదాపు నెల రోజులపాటు రాత్రివేళ ఊరు ఊరంతా వీధుల్లోనే ఉంటుంది. మొక్కుకున్నవారు వేషాలు కడతారు, ఒంటికి పసుపురంగు పూసుకుని నల్లని చారలు గీయించుకున్న పులివేషాలు డప్పుల మధ్య ఆడుతూ వస్తాయి, కూడళ్లలో పురాణ పాత్రల బొమ్మలతో రథాలు నిలబెడతారు. మన ఉత్తరాంధ్ర గ్రామదేవతల సంబరాలు చూసినవారికి ఇందులో ప్రతి అడుగూ పరిచితంగానే ఉంటుంది, కానీ ఇంత పెద్ద పట్టణం మొత్తం ఒక వీధి ఆడపడుచు కోసం కదలడం నేను మరెక్కడా చూడలేదు. ఆ రోజుల్లో లాడ్జిల్లో గది దొరకడం కష్టం, ముందుగా ఖాయం చేసుకోవాలి.

తిండికి ఇబ్బంది లేదు. ఉదయం బండ్ల దగ్గర పూరీ ఉప్మా కలిపి పెడతారు. వినడానికి వింతగా ఉన్నా తిన్నాక విడిచిపెట్టరు. బజారులో పచ్చళ్లు, అప్పడాలు ఈ ఊరి ప్రత్యేకత, అప్పడాలు తప్పక తెచ్చుకోండి. ఆటోలకు మీటర్లు లేవు, సామానుతో కనిపిస్తే రెట్టింపు అడుగుతారు, కాబట్టి ఎక్కేముందే ధర తేల్చుకోవాలి. బడా బజారు సందుల్లో అసలు ఆటో ఎక్కకుండా నడవడమే మేలు.

జోడా మాకు కావలసిన రంగులో సిద్ధంగా లేకపోవడంతో నేతవీధిలోనే కొంత బయానా ఇచ్చి నేయించుకున్నాము. పెళ్లికి కనీసం రెండు నెలల ముందు చెప్పాలని, శ్రావణం, మాఘం ముహూర్తాల ముందు ఇంకా ముందే చెప్పాలని పెద్దాయన మరీ మరీ అన్నారు. రంగు మాటల్లో చెప్పవద్దు, గుడ్డముక్క ఒకటి ఇచ్చి రండి.