మా ఊరి శాఖా గ్రంథాలయం: పాతికేళ్లు వాడిన పాఠకుడి సమీక్ష

కోనసీమలో పంట కాలువ గట్టున ఉన్న మా ఊరి శాఖా గ్రంథాలయాన్ని నేను పాతికేళ్లకు పైగా వాడుతున్నాను. సభ్యుడిగా పుస్తకాలు ఇంటికి తెచ్చుకున్నాను, ఉద్యోగ పరీక్షలకు చదివే రోజుల్లో పూటలకు పూటలు ఆ బల్లల దగ్గరే గడిపాను, ఇప్పుడు పిల్లలను వెంటబెట్టుకుని వెళ్తున్నాను. పఠనమందిరంగా అది నేటికీ మంచి స్థితిలోనే ఉందనీ, పుస్తకాలు ఇంటికిచ్చే గ్రంథాలయంగా మాత్రం దాదాపు ఆగిపోయిందనీ నా అభిప్రాయం. ఇలా ఒక సగం నిలిచి మరో సగం చిక్కిపోవడం సిబ్బంది మంచిచెడుల వల్ల జరిగింది కాదు. గ్రంథాలయానికి రావలసిన సొమ్ము ఏ దారిన వస్తుందో, మధ్యలో ఎక్కడ నిలిచిపోతుందో చూస్తే సంగతి తెలుస్తుంది.

ముందు బాగున్న దాని గురించి చెప్పాలి. ఉదయం 8 నుంచి 11 వరకు, సాయంత్రం 4 నుంచి 7 వరకు తలుపులు తెరిచి ఉంటాయి, శుక్రవారం సెలవు. ప్రధాన తెలుగు దినపత్రికలన్నీ వస్తాయి. ఉదయం పూట పదవీ విరమణ చేసిన మాస్టార్లు, పాలు పోసి వెనక్కి వెళ్తూ ఆగే రైతులు, రొయ్యల ధర ఏ కౌంటుకు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) ఎంత పలికిందో చూసుకోవడానికి వచ్చే చెరువుల వాళ్లు కనిపిస్తారు. సాయంత్రం బల్లలన్నీ గ్రూప్-2, డీఎస్సీ అభ్యర్థులవే. 2019లో గ్రామ సచివాలయ ఉద్యోగాలకు ప్రకటన వెలువడినప్పుడు కుర్చీలు చాలక పిల్లలు వరండాలో చాపలు పరుచుకుని చదివారు, వారిలో కొందరు ఇప్పుడు పక్క ఊళ్ల సచివాలయాల్లోనే పనిచేస్తున్నారు. ఇంట్లో విడిగా గది లేని పిల్లకు ఫ్యాను, వెలుతురు, నిశ్శబ్దం మూడూ ఉచితంగా దొరికే చోటు మా ఊళ్లో మరొకటి లేదు. ఈ ఒక్క సేవకే నేను పూర్తి మార్కులు వేస్తాను.

పుస్తకాల గది కథ వేరు. మా గ్రంథాలయంలో కొనుగోళ్లు ఎప్పుడు మందగించాయో తెలుసుకోవడానికి ఏ లెక్కల పుస్తకమూ తిరగేయనక్కర లేదు, తెలుగు సాహిత్యానికి కేటాయించిన 894.827 సంఖ్య ఉన్న బీరువా తెరిచి, పుస్తకాల వెనక అట్టకు అతికించిన తేదీ చీటీలు చూస్తే చాలు. పాత నవలల చీటీలు ముద్రలతో నిండి, వాటి మీద మరో చీటీ, దాని మీద ఇంకొకటి అతికించి ఉంటాయి. ఇటీవలి పుస్తకాలకు చీటీలు ఖాళీగా ఉంటాయి, అసలు ఇటీవలివే అరుదు. గత కొన్నేళ్లుగా తెలుగులో వస్తున్న మంచి కథా సంపుటాల్లో నేను అడిగినవి ఏవీ ఇక్కడ దొరకలేదు. అప్పుడప్పుడు వచ్చే కట్టల్లో పోటీ పరీక్షల గైడ్లు, వ్యక్తిత్వ వికాస గ్రంథాలు ఎక్కువ, ఒక్కోసారి ఒకే పుస్తకం మూడు నాలుగు ప్రతులు ఉంటుంది. ఎంపిక పై స్థాయిలో జరుగుతుంది కనుక పాఠకుడు ఏమడిగాడన్నది అక్కడిదాకా చేరదు. వార, మాసపత్రికల బల్ల మరీ వెలవెలబోయింది. విపుల, చతుర వంటి మాసపత్రికలు ఆగిపోవడం గ్రంథాలయం తప్పు కాదు, కానీ ఆ ఖాళీలో కొత్తవి తెప్పించుకోలేకపోవడం డబ్బు లేకనే.

ఇక ఆ డబ్బు సంగతి. మన రాష్ట్రంలో పౌర గ్రంథాలయాలు 1960 నాటి చట్టం కింద నడుస్తాయి. పంచాయతీలు, పురపాలక సంఘాలు ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేసి, శాఖా గ్రంథాలయాలను నడిపే జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. అంటే వెయ్యి రూపాయల ఇంటి పన్ను కట్టే వ్యక్తి అదనంగా 80 రూపాయలు గ్రంథాలయానికే కడుతున్నాడు. ఉద్యోగుల జీతాలకు ప్రభుత్వ గ్రాంటు ఆధారం కాగా పుస్తకాలు, పత్రికలు, అద్దెలు, కరెంటు బిల్లులు, మరమ్మతులు ప్రధానంగా ఈ సెస్సు మీదనే సాగాలి. చట్టం రాసినవారి ఆలోచన మెచ్చదగినదే, ఎందుకంటే ఏటా బడ్జెట్టు దయ మీద ఆధారపడకుండా గ్రంథాలయానికి సొంత రాబడి ఉండాలని వారు కోరుకున్నారు. అయితే వసూలు చేసే చేయి ఒకటి, ఖర్చు పెట్టే చేయి మరొకటి కావడంతో చిక్కు అక్కడే మొదలవుతుంది. వీధిదీపాల బిల్లు, పారిశుద్ధ్య కార్మికుల జీతం నెత్తిన ఉన్న పంచాయతీకి ఆ సెస్సు సొమ్ము కూడా తన సొమ్ములాగే కనిపిస్తుంది, బకాయి పడినా వీధిలోకి వచ్చి అడిగే పాఠకుడు ఉండడు.

రాబడి తగ్గినప్పుడు ఏ ఖర్చు ముందు కోతకు గురవుతుందో ఊహించడం కష్టం కాదు. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకేస్తారు, అద్దె ఇవ్వకపోతే యజమాని తాళం వేస్తాడు, దినపత్రిక మానేస్తే మర్నాడే పాఠకులు నిలదీస్తారు. పుస్తకం కొనకపోతే ఎవరూ ఏమీ అనరు. అందుకే పఠనమందిరం నిలిచింది, పుస్తకాల బీరువా ఆగింది. ఖాళీ అయిన పోస్టును భర్తీ చేయకపోవడం కూడా కోతే అని నేను భావిస్తాను, దానికి ఏ ఉత్తర్వూ వెలువడదు కనుక అది వార్త కాదు. కేంద్రం వైపు నుంచి వచ్చే సాయానిదీ ఇదే పద్ధతి. 1972లో కోల్‌కతాలో ఏర్పడిన రాజా రామమోహన్ రాయ్ గ్రంథాలయ ఫౌండేషన్ ఇచ్చే సాయంలో ఒక భాగం రాష్ట్రం తన వాటా పెడితేనే దానికి జతగా వస్తుంది. రాష్ట్రం తన వాటా తగ్గించుకుంటే జత సొమ్ము కూడా తగ్గుతుంది, ఆ విధంగా కోత ఒక చోట మొదలై రెండు చోట్ల పడుతుంది.

మా గ్రంథపాలకుడు మంచివాడు. పొరుగు గ్రామంలోని గ్రంథాలయానికి కూడా ఆయనే ఇన్‌ఛార్జి కావడంతో వారంలో కొన్ని రోజులు ఇక్కడ తలుపు తీసి పత్రికలు బల్ల మీద పరిచే పని పార్ట్‌టైమ్ స్వీపరు చూసుకుంటుంది, ఆ రోజుల్లో పుస్తకాల ఇష్యూ ఉండదు. పుస్తకం పోతే దాని ఖరీదు తన జీతంలోంచి రాబడతారన్న భయంతో ఆయన బీరువాలకు తాళాలు వేసి ఉంచుతారు. ఇది పాఠకుడికి చికాకే, కానీ ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చేస్తాను. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో మాత్రం తాళాలన్నీ తెరుచుకుని పుస్తకాలు బల్లల మీదికి వస్తాయి, పెద్దలు వచ్చి పుస్తకం హస్తభూషణం అని ప్రసంగించి వెళ్తారు. కొత్త పుస్తకాల జాబితా ఇచ్చినప్పుడల్లా ఆయన, "నిధులు రానివ్వండి, మీ జాబితాయే ముందు పంపిస్తానండి" అంటారు. ఆ మాటలో అబద్ధం లేదని నాకు తెలుసు.

భవనం గురించి క్లుప్తంగా చెబుతాను. 1996 నవంబరు తుపానులో పెంకులు లేచిపోయి తడిసిన పుస్తకాలను ఎండలో ఆరబెట్టి దాచారు, వాటి పుటలు నేటికీ ఉబ్బి ఉన్నాయి. మా ప్రాంతపు తేమకు ఇనుప బీరువా కూడా తుప్పు పడుతుంది, ఉత్తరపు గోడకు ఆనించిన అరలకు చెద పట్టింది. ఏటా మందు కొట్టించడానికి అయ్యే చిన్న ఖర్చు మిగిల్చినందుకు కొన్ని పాత సంపుటాలను శాశ్వతంగా పోగొట్టుకున్నాం. అవి మళ్లీ అచ్చు కావు.

గోదావరి జిల్లాలకు గ్రంథాలయం కొత్త కాదు. గ్రంథాలయోద్యమానికి పితామహుడని పేరుపొందిన అయ్యంకి వెంకటరమణయ్య పుట్టిన కొంకుదురు ఈ సీమలోనిదే. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడేటప్పటికే ఊరూరా చందాలతో పుస్తకశాలలు నడుస్తున్నాయి. మా ఊరి గ్రంథాలయపు స్థలం కూడా ఒక రైతు దానమిచ్చినదే. సెస్సు వచ్చాక చందా ఇచ్చే అలవాటు పోయింది, పన్ను కడుతున్నాం కదా అన్నది న్యాయమైన మాటే. ఇప్పుడు సెస్సు చేరక, చందా రాక రెండింటికీ చెడ్డ స్థితి ఏర్పడింది. ఊరివాళ్లు మళ్లీ విరాళాలతో పుస్తకాలు కొనిపెట్టాలని కొందరు మిత్రులు అంటారు. నేను ఇచ్చాను కూడా, అయినా దీన్ని పరిష్కారమని ఒప్పుకోను. ఒకసారి పన్ను కట్టిన పనికి రెండోసారి చందా వేసుకుంటే మొదటి సొమ్ము ఏమైందని అడిగే హక్కు బలహీనపడుతుంది.

ఫోను ఉండగా గ్రంథాలయం ఎందుకన్న ప్రశ్నకు నా అనుభవం నుంచి జవాబు చెప్పగలను. పాత తెలుగు పుస్తకాల స్కాన్ ప్రతులు ఆర్కైవ్ డాట్ ఆర్గ్‌లో విస్తారంగా దొరుకుతున్నాయి, నేనూ వాడుతున్నాను. అరుదైన గ్రంథం చేత్తో పట్టుకుని చూడాలంటే రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయానికి వెళ్తాను, తాళపత్రాలు సైతం ఉన్న అటువంటి నిధి మా చుట్టుపక్కల మరొకటి లేదు. ఈ రెండూ తీర్చలేని అవసరం బొమ్మల పుస్తకం ఇంటికి తెచ్చుకుని చింపేటంత ఇష్టంగా చదివే ఆరేళ్ల పిల్లది. వేసవి శిబిరాల్లో మా పిల్లలకు కథలు చెప్పించారు, బొమ్మలు వేయించారు. ఆ తరువాత ఇంటికి పట్టుకెళ్లడానికి వాళ్ల ఈడు పుస్తకాలు అరలో పట్టుమని పది లేవు.

కొత్తగా చేరదలచిన వారు ధరావతు కట్టి సభ్యత్వం తీసుకోవడం మంచిదనే నా సలహా, ఇష్యూ లెక్క పెరిగితే పైకి పంపే నివేదికలో ఆ అంకె కనిపిస్తుంది. గ్రంథపాలకుడు ఏ రోజుల్లో ఉంటారో ముందుగా కనుక్కుని వెళ్లాలి. కావలసిన పుస్తకం పేరు నోటితో చెప్పకుండా సూచనల పుస్తకంలో రాసి తేదీ వేయాలి. ఈసారి ఇంటి పన్ను కట్టినప్పుడు రసీదులో గ్రంథాలయ సెస్సు గడి ఎదుట ఎంత రాశారో చూసి, ఆ మొత్తం ఏ సంవత్సరం వరకు సంస్థకు జమ అయిందో పంచాయతీ కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టి అడగవచ్చు. గ్రామ పంచాయతీలో పెట్టే ఆ అర్జీకి రుసుము కూడా లేదు. నేను ఈ నెలలో పెట్టాను, జవాబుకు చట్టం ఇచ్చిన గడువు 30 రోజులు.